లంకకు నేను పెట్టిన తప్పుడు పేరు

మీరు ఆసియావాళ్ళని మీకెవరు చెప్పారు? మీ అమ్మ చెప్పలేదు. మీ ఊరివాళ్ళు చెప్పలేదు. బడిలో భూగోళం పుస్తకం చెప్పింది, మీరు తలూపారు. ఆ పుస్తకానికి ఎవరు చెప్పారని ఎప్పుడైనా అడిగారా?

అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. రోమన్లు తమ రాజ్యంలో ఒక రాష్ట్రానికి ఆసియా అని పేరు పెట్టుకున్నారు. అది ఇప్పటి టర్కీకి పడమటి అంచు. అంతకు చాలా ముందు తొలి గ్రీకులు ఆ పేరును ఇంకా చిన్న ప్రాంతానికి వాడేవారు. ఆ గ్రీకుల కాలం నుంచే ఆ అంచు వెనక ఎంత నేల కనిపిస్తే అంత నేలకూ అదే పేరు పాకింది. పాకి పాకి మన ధవళేశ్వరం దాకా వచ్చింది. ఆఫ్రికా కథా అంతే. కార్తేజి నగరం చుట్టుపక్కల ఉన్న కొందరిని రోమన్లు ‘ఆఫ్రీ’ అన్నారు. ఇవాళ ఆ పేరు ఒక ఖండాన్ని మోస్తోంది. గ్రీకులు తమను తాము హెల్లెనులు అనుకున్నారు. రోమన్లు మాత్రం తమకు మొదట తగిలిన ఏదో చిన్న గుంపు పేరునే అందరికీ తగిలించారని చెబుతారు. ఇండియా మాట సరేసరి. సింధు నది పేరు పారశీకుల నోటా, గ్రీకుల నోటా నలిగి లాటిన్‌లోకి వెళ్ళి, ఆ నది మొహం చూడని గోదావరి మనిషి నెత్తిన కూర్చుంది.

పేరు పెట్టేవాడు ఎక్కడ దిగాడో అదే దేశం పేరవుతుంది. ముందు ఎవరు ఎదురయ్యారో వాళ్ళ పేరే జాతి పేరవుతుంది. ఈ ముక్కను నేను ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠంగా చెప్పాను. బల్ల గుద్ది చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, పరీక్షలో దింపారు. చివరికి నాకు పరీక్ష వచ్చిన రోజున నేనే తప్పాను. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

నాకు లాటిన్ వచ్చిందంటే ఒక ఫాదర్‌గారి పుణ్యం. పుణ్యం అనే మాట నేను వాడకూడదు. నేను దేవుణ్ణి నమ్మను. పెళ్ళి దండలతో చేసుకున్నదాన్ని. ఊరూరా సభల్లో జాతకాల మీద, ముహూర్తాల మీద, బాబాల మీద మాట్లాడి రాళ్ళూ దండలూ రెండూ వేయించుకున్నదాన్ని. అలాంటిదాన్ని రోమన్ల రాతలు ఎవరి అనువాదమూ లేకుండా చదవాలనే పట్టుదలతో డెల్టా లోపల కాలవ గట్టు మీదున్న ఒక చర్చికి శనివారం శనివారం బస్సెక్కి వెళ్ళేదాన్ని. అక్కడి ఫాదర్‌గారు అప్పటికే పెద్దవారు. నరసాపురం వైపు మనిషి. చిన్నప్పుడు ఫాదర్ల చదువు చెప్పే గురువిద్యాలయంలో నేర్చుకున్న లాటిన్‌ని ఎవరితోనూ మాట్లాడే వీల్లేక జామచెట్లతో మాట్లాడుకునేవారు. చక్కెర జబ్బు. చక్కెర లేని టీ అడిగి తెప్పించుకుని, జేబులోంచి బెల్లంముక్క తీసి నోట్లో వేసుకునేవారు.

మొదటి రోజే నా సంగతి చెప్పేశాను.

“నాకు దేవుడి మీద నమ్మకం లేదండి. తరవాత తెలిసి బాధపడతారేమోనని ముందే చెబుతున్నాను.”

“నాకు బాధేం లేదమ్మాయ్. ఆయన పడతాడేమో. నువ్వు ముందు నామవాచకాలు బట్టీపట్టు,” అన్నారు.

ఆరు నెలలయ్యాక ఒక శనివారం, “దేవుడు లేడని లాటిన్‌లో రాయి చూద్దాం” అన్నారు. నేను ఉత్సాహంగా ‘దేవుస్ నోన్ ఎస్ట్’ అని రాశాను. కళ్ళద్దాలు పైకి తోసి చూశారు. “వ్యాకరణం సరిగ్గానే ఉంది. మిగతాదే తప్పు,” అని పదికి ఐదు వేశారు.

కోపం వస్తే నన్ను ‘పగానా’ అనేవారు. ఆ మాట మొదట్లో పల్లెటూరి మనిషి అనే అర్థంలో ఉండేదనీ, తరవాతే క్రైస్తవం లేనివాళ్ళని తిట్టే మాట అయిందనీ ఆయనే చెప్పారు. “పల్లెటూరిదాన్నే కదండీ, ఒప్పుకున్నాను” అనేదాన్ని. ప్రేమ వస్తే మాత్రం మా ఊరి పేరు మీద ‘ధవళేశ్వరెన్సిస్’. ఊరి పేరుకు చివర ‘ఎన్సిస్’ తగిలిస్తే ఆ ఊరి మనిషి అని అర్థం. కొవ్వూరివాడైతే కొవ్వూరెన్సిస్. ఆ లెక్కన కాలవ మీద వెళ్ళే పడవవాళ్ళకీ, పాలు పోసే ఆవిడకీ కూడా మేమిద్దరం రోమన్ బిరుదులు ఇచ్చేశాం. ఇంత సరదాగా నేర్చుకున్న ఆ చిన్న ముక్కే తరవాత పదకొండు కుటుంబాల మెడకు చుట్టుకుంది.

మా వైపు గోదారి మధ్యలో లంకలుంటాయి. మట్టి మేట వేస్తే లంక పుడుతుంది, కోత వేస్తే పోతుంది. ఒక లంకలో పదకొండు కుటుంబాల చిన్న పేట ఉండేది. వంగ, బెండ, అరటి వేసుకుని బతికేవాళ్ళు. ఏటా కొంత కొంత తిని, ఒక వరదలో గోదారి ఆ పేటను పూర్తిగా మింగేసింది. ఇళ్ళు పోయాయి, బడి పోయింది, బడిలో కాగితాలూ పోయాయి. ప్రభుత్వం గట్టున ఉన్న ఒక ఊరి బీడు భూమిలో వాళ్ళకి ఇళ్ళస్థలాలు ఇస్తానంది. ఆ గట్టు ఊరిని రేవూరు అనుకుందాం. అసలు పేరు రాయను. బీడు పోతే పశువుల మేత పోతుందని రేవూరువాళ్ళకి దిగులు. అది తప్పనను. కానీ వాళ్ళు పెట్టిన అర్జీ తప్పు: ఈ పదకొండు కుటుంబాలూ లంకవాళ్ళు కాదు, ముందు నుంచీ మా ఊరివాళ్ళే, సాగు కోసం లంకకు పోయి వచ్చేవాళ్ళు, ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ కింద రారు, అని.

లంకవాళ్ళ తరఫున పక్క ఊళ్ళ పెద్దలు సాక్ష్యం చెప్పారు. కానీ మన దేశంలో నోటి మాట కంటే చెదలు తిన్న కాగితానికి విలువెక్కువ. పాత కాగితం కావాలన్నారు. ఆ పేటవాళ్ళ తాతముత్తాతలు క్రైస్తవంలో కలిసినవాళ్ళు కాబట్టి మా ఫాదర్‌గారి చర్చిలో జ్ఞానస్నానపు రిజిస్టర్లున్నాయి. పాతవన్నీ లాటిన్‌లో ఉన్నాయి. తహసీల్దారుగారు కాలేజీకి ఉత్తరం రాశారు: లాటిన్ తెలిసిన అధ్యాపకురాలి చేత అనువాదం చేయించి, సంతకంతో పంపగలరు.

ఆ ఉత్తరం చూసి నేను పొంగిపోయాను, దాచుకోవడం ఎందుకు? నా లాటిన్ ఒక సర్కారు పనికొచ్చింది! స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. అప్పుడే ఫాదర్‌గారికి కంట్లో శుక్లం ఆపరేషనయి కట్టు కట్టారు. చర్చి గుమాస్తా పేజీలు జిరాక్స్ తీసి ఇచ్చాడు. ఫాదర్‌గారు పక్క గదిలోనే పడుకుని ఉన్నారు. ఒక్కసారి చదివి వినిపిస్తే సరిపోయేది. ఇంత చిన్నదానికి ఆయన్నెందుకు లేపడం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఒక్కదాన్నే చేసి చూపించాలనుకున్నాను.

పదకొండు కుటుంబాల పూర్వీకుల పేర్ల పక్కనా ఒకే మాట ఉంది: రేవూరెన్సిస్. నేను ‘రేవూరు గ్రామ నివాసి’ అని పదకొండుసార్లు అందంగా రాసి, పదకొండుసార్లు సంతకం చేసి పంపాను. సాక్షుల మాట పక్కన పెట్టేశారు. పదకొండు పేర్లూ జాబితాలోంచి కొట్టేశారు.

రెండు వారాల తరవాత కాలేజీ వరండాలో ఒక మామ్మ నా కోసం కూర్చుని ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. ఒళ్ళో సంచీ, సంచీలో వంకాయలు. కూతురి అత్తవారింటి చూరు కింద తలదాచుకుంటోందట.

“లాటిన్ మేడంగారు మీరేనాండి?”

“నేనేనండి. ఏం కావాలి?”

“ఏం అక్కర్లేదండి. సూసి పోదావని వచ్చేనండి. మా ఊరు గోదారి తీసుకెళ్ళిపోయింది. ఊరి పేరు తీసుకెళ్ళినోరెవరో సూద్దావని.”

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. నేను మాత్రం గొంతు పెంచాను. రిజిస్టర్‌లో ఉన్నదే రాశానని, ఒక్క అక్షరం కలపలేదని, కావాలంటే చూసుకోమని అన్నాను. సభల్లో బాబాల్ని నిలదీసే గొంతు అది.

ఆవిడ శ్రద్ధగా విని, “పుస్తకంలో అలాగే ఉందాండి?” అంది.

“ఉందండి.”

“మరి రాసినోరు మా ఇల్లు సూసేరాండి?”

నేను గడియారం చూసుకున్నాను.

“మా అత్త సెప్పేదండి. తెల్ల పాదిరి దొరగారు నావ మీద రేవూరు రేవులో దిగేవోరంట. అక్కడే గుడారం. అక్కణ్ణుంచి దోనె ఎక్కి మా లంకకీ, ఆ అవతల లంకకీ, కాలవ ఎంబడున్న ఊళ్ళకీ వచ్చి పిల్లలకి నీళ్ళు పోసి, మళ్ళీ రేవూరెళ్ళి పుస్తకం రాసుకునేవోరంట. ఆయనకి మేవందరం రేవూరోళ్ళవే కదండీ?”

వంకాయలు వరండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వద్దన్నాను. “మీకోసం కాదండి, మోసుకుని తిరిగెళ్ళలేక” అంది.

ఆ మధ్యాహ్నం నాకు బి.ఏ. రెండో సంవత్సరానికి క్లాసుంది. పాఠం ఏమిటో ఊహించగలరా? రోమన్ రాష్ట్రాలు. ఆసియా ఎంత చిన్నదో బోర్డు మీద గీసి చూపించి, పేరు పెట్టేవాడు ఎక్కడ దిగితే... అని అలవాటుగా మొదలుపెట్టి, వాక్యం పూర్తి చేయలేక సుద్దముక్క కింద పెట్టేశాను. పుస్తకంలో రెండువేల ఏళ్ళ కిందటి రోమన్ చేసిన పని కనిపించింది. నా బస్సు దారిలో ఉన్న ఊరికి ఒక దొర అదే పని చేస్తే కనిపించలేదు. ముప్పై ఏళ్ళు చెప్పింది నాకు పాఠమే గాని బుద్ధి కాలేదు.

శనివారం దాకా ఆగలేదు. ఫాదర్‌గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. కట్టు విప్పి నల్లద్దాలు పెట్టారప్పటికి. నన్ను కసురుతారనుకున్నాను. బెల్లంముక్క తీసి నోట్లో వేసుకున్నారు.

“నన్నెందుకు అడగలేదమ్మాయ్?”

“గర్వమండి.”

“లాటిన్‌లో దాన్నేమంటారో గుర్తుందా?”

“సుపెర్బియా.”

“మార్కులు ఇవ్వను. రిజిస్టర్లు పట్రా.”

నేను పేజీలు చదువుతూ ఉంటే ఆయన వింటూ తేదీలు అడిగేవారు. అప్పుడు కనిపించింది. జ్ఞానస్నానాలు రోజుకొకటిగా లేవు. నెలల తరబడి ఏమీ లేదు. తరవాత ఒక్కసారిగా నాలుగైదు రోజుల్లో ఇరవై ముప్పై. మళ్ళీ ఏమీ లేదు. అంటే దొర నావ వచ్చినప్పుడే. ఆ గుంపుల్లో ప్రతి పేరు పక్కనా రేవూరెన్సిస్. రేవూరు ఒక్క ఊళ్ళో అంతమంది పిల్లలు ఎలా పుట్టారని నేను అనువాదం చేసేటప్పుడే అడగాల్సింది. బాబా విభూది రాలిస్తే ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగేదాన్ని, ఇక్కడ అడగలేదు. పవిత్ర గ్రంథాన్ని ప్రశ్నించమని ఊరూరా చెప్పి, తోలు అట్ట ఉన్న రిజిస్టరును చూడగానే దండం పెట్టేశాను.

కొత్త కాగితం రాయడానికి కూర్చున్నాం. నేను ‘పూర్వపు అనువాదంలో స్వల్ప సవరణ’ అని మొదలుపెట్టి పైకి చదివాను.

“స్వల్పమా?” అన్నారు ఫాదర్‌గారు.

“సవరణ అందామండి పోనీ.”

“సవరణ కాగితానికి చేస్తారు. తప్పు మనిషి చేస్తాడు. కాగితం ఏం చేసింది పాపం?”

“మీ దగ్గరైతే చేసిన తప్పు ఒక గదిలో ఫాదర్ చెవిలో చెప్పేస్తే అయిపోతుంది. నేను తహసీల్దారు ఆఫీసుకు రాసివ్వాలి, తెలుసా?”

“అందుకే మా పద్ధతి సుఖం అని ఎప్పట్నుంచో చెబుతున్నాను,” అని నవ్వారు. నేనూ నవ్వి, మొదటి వాక్యం కొట్టేశాను. ‘నేను చేసిన అనువాదం తప్పు’ అని రాశాను. ఆ వాక్యంలో లాటిన్ లేదు, వ్యాకరణం చిక్కూ లేదు. నేను రాసినవాటిలో అంత కష్టమైన వాక్యం ఇంకోటి లేదు. మా ప్రిన్సిపాల్‌గారు కాలేజీ పరువు పోతుందని రెండు రోజులు మాట్లాడలేదు.

విచారణ చర్చి వరండాలోనే పెట్టమని ఫాదర్‌గారు కోరారు. పాత రిజిస్టర్లు బయటికి పంపడం కుదరదని సాకు. తహసీల్దారుగారు వచ్చారు. కుర్రవాడు, మంచివాడే, పని భారంతో అలసిపోయిన మొహం. ఆయనతో వీఆర్వోగారు. రేవూరు పెద్దలు ఒకవైపు, లంకవాళ్ళు ఒకవైపు. మామ్మ మెట్ల మీద కూర్చుంది.

నా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తహసీల్దారుగారు అడిగారు.

“మేడం, దీని మీదా మీ సంతకమే, దీని మీదా మీ సంతకమే. నేను ఏది నమ్మాలండి?”

“రెండోదండి. మొదటిది రాసినప్పుడు నేను ఎవర్నీ అడగలేదు.”

వీఆర్వోగారు కల్పించుకున్నారు. ఆయన రేవూరివారు కాదు. రెండు లంకల అవతల ఉన్న ఊరిమనిషి, కాగితం అంటే ప్రాణం పెట్టే పాతకాలపు ఉద్యోగి. “సార్, రిజిస్టర్లో ఏవుంటే అదేనండి. ఇలా ఒక్కొక్కళ్ళూ వచ్చి కాదంటే ఇంక ఆఫీసులెందుకండి?”

ఫాదర్‌గారు నల్లద్దాలు సర్దుకున్నారు. “వీఆర్వోగారూ, మీ మామ్మగారికి జ్ఞానస్నానం ఇచ్చింది మా చర్చిలోనే కదండీ?”

“అవునండీ. చిన్నప్పుడు చెప్పేది.”

“మీది ఏ ఊరండి?”

“అదేంటండి, మీకు తెలీదా? అయిదు తరాల్నుంచీ మా ఊళ్ళోనే ఉన్నాం. మామ్మ పుట్టిందీ అక్కడే. భూవులక్కడే, సమాధులక్కడే.”

“అమ్మాయ్, మూడో పుస్తకం. గుర్తు పెట్టించిన పేజీ.”

ఆ పేజీలో గుర్తు ఉందని నాకే తెలియదు. ముందు రోజే గుమాస్తా చేత వెతికించి, నాకు చెప్పకుండా దాచుకున్నారు పెద్దాయన. పేజీ తీశాను. వీఆర్వోగారి మామ్మ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు. పక్కన, రేవూరెన్సిస్. పైకి చదివాను.

వీఆర్వోగారు లేచి వచ్చి వేలు పెట్టి చూసుకున్నారు. లాటిన్ రాకపోయినా ఆ ఊరి పేరు కూడబలుక్కుంటే తెలుస్తుంది. “ఇదెవరు రాశారండీ? మా మామ్మ రేవూరు తిరనాళ్ళకి కూడా ఎల్లలేదండి!”

“రిజిస్టర్లో ఏవుంటే అదేనన్నారు గదండీ,” అంది మెట్ల మీది మామ్మ. “అయితే ఆ భూవులన్నీ రేవూరోళ్ళకి రాసిచ్చేయండి మరి.”

వరండా అంతా నవ్వింది. రేవూరు పెద్దలు కూడా నవ్వారు. ఆఖరికి వీఆర్వోగారూ నవ్వేశారు. ఆ మనిషి మీద నాకు అప్పట్నుంచి గౌరవం. తరవాత ఆయనే పట్టుబట్టి తన ఊరివాళ్ళవి ఇంకో నాలుగు పేర్లు వెతికించారు. నాలుగింటి పక్కనా అదే మాట.

తహసీల్దారుగారు తొందరపడలేదు. “అంటే ఈ రిజిస్టరు వీళ్ళు లంకవాళ్ళని చెప్పడం లేదు. కాదని కూడా చెప్పడం లేదు. అంతేనా మేడం?”

“అంతేనండి. దొర ఎక్కడ దిగాడో చెబుతోంది. వీళ్ళు ఎక్కడున్నారో వీళ్ళూ, ఇరుగుపొరుగువాళ్ళే చెప్పాలి. ఆ సాక్ష్యాన్ని కొట్టేయించింది నా మొదటి కాగితం.”

ఆయన సాక్షుల ఫైలు మళ్ళీ తెరిచారు. మధ్యాహ్నం దాకా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగారు. ఎవరి పాక పక్కన ఎవరి పాక, బడి ఎటు వైపు, పడవ ఎక్కడ కట్టేవారు. అడగడం అంటే అదీ. రేవూరువాళ్ళకి మేతకు వేరే చోటు చూపిస్తానని రాతపూర్వకంగా మాట ఇచ్చారు. పదకొండు పేర్లూ జాబితాలోకి తిరిగి వచ్చాయి.

పట్టాలు ఇచ్చిన రోజు నేనూ వెళ్ళాను. ‘పూర్వపు నివాసం’ అనే గడి దగ్గర ఆఫీసు గుమాస్తా కలం ఆపాడు. ఆ ఊరు ఇప్పుడు లేదు కదండీ, ఏం రాయమంటారు అని తహసీల్దారుగారిని అడిగాడు. ఆయన మామ్మ వైపు తిరిగి, “మీరు చెప్పండి, ఏం రాయమంటారు?” అన్నారు. ఆవిడ కొంగు సర్దుకుని, నది మధ్యకు చూస్తూ తన లంక పేరు చెప్పింది. ఇంటి పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. గుమాస్తా రాశాడు. ఆవిడకి చదువు రాదు. అయినా కాగితం తీసుకుని ఆ గడి ఏదో చూపించమని, దాని మీద వేలు ఆనించింది.

ఫాదర్‌గారు ఇప్పుడు లేరు. ఆయన ఎక్కడికి వెళ్ళారన్న విషయంలో మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు. మట్టి వేసే రోజున కొత్తగా వచ్చిన పాదిరిగారు లాటిన్ ప్రార్థన చదువుతూ ఒకచోట విభక్తి తప్పితే, నేను నా పక్కనున్న ఖాళీ వైపు తిరిగి నవ్వబోయాను.

చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట. లాటిన్ నేర్చుకోండి, నేర్చుకోకపోండి, అది మీ ఇష్టం. కానీ మీలో కొందరు రేపు గుమాస్తాలవుతారు, తహసీల్దార్లవుతారు, కంప్యూటర్ ముందు కూర్చుని గడులు నింపుతారు. మిగిలినవాళ్ళం ఆ గడుల్లో ఉంటాం. కొట్టుకుపోయిన ఊళ్ళవాళ్ళు, పని కోసం వలస వచ్చినవాళ్ళు, చదువు రానివాళ్ళు మీ పక్క వీధిలోనే ఉన్నారు. ఈ వారంలో వాళ్ళలో ఒక్కరి ఇంటికి వెళ్ళండి. వాళ్ళ కార్డు తీయించి, అందులో ఉన్న ఊరి పేరు వాళ్ళకి చదివి వినిపించండి. ఇది మీ ఊరేనా అని అడగండి. కాదంటే ఆ మనిషిని వెంటబెట్టుకుని ఆ పేరు రాసిన ఆఫీసుకు వెళ్ళండి. దిద్దేదాకా ఆ బల్ల ముందు నుంచి కదలకండి.